పట్టుకొమ్మ: కినుయె హితోమి కథ

60 మీటర్లు, 100 గజాలు, 100 మీటర్లు, 200, 400, 800, లాంగ్ జంప్, నిలబడి దూకే లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్, డిస్కస్, జావెలిన్. చూడ్డానికి మన కాలేజీ స్పోర్ట్స్ మీట్ నోటీసులా ఉంది కదా? ఇవన్నీ ఒకే అమ్మాయి పోటీ పడిన ఈవెంట్లు. పోటీ పడటమంటే పేరు ఇచ్చి చివర్లో రావడం కాదు. వీటిలో చాలావాటిలో ఆమెకి మెడల్ ఉంది, కొన్నింటిలో ఏకంగా ప్రపంచ రికార్డు ఉంది. మొత్తం కెరీర్ పట్టుమని ఎనిమిదేళ్ళు కూడా లేదు.

ఆమె పేరు కినుయె హితోమి. జపాన్‌లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్తారు, కాబట్టి వాళ్ళకి హితోమి కినుయె. కినుయె అని రాసే రెండు అక్షరాల్లో మొదటిదానికి పట్టు అని అర్థం, రెండోదానికి కొమ్మ అని. రెండూ కలిపి తెలుగులో చదవండి. పట్టుకొమ్మ! మనకి ఆ మాటకి అర్థం వేరే, జారిపోతున్నవాళ్ళు పట్టుకునే ఆధారం అని. ఆ పేరు పెట్టినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఛాన్సే లేదు, ఊరికే అలా కుదిరింది. కానీ ఆమె కథ చదువుతున్నంతసేపూ నాకు ఆ తెలుగు అర్థమే గుర్తొస్తూ ఉంది.

ఒలింపిక్స్‌లో మెడల్ గెలిచిన మొదటి జపాన్ మహిళ ఆమె. 1928లో. మన కరణం మల్లీశ్వరి సిడ్నీలో బ్రాంజ్ గెలిచి, మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది 2000లో. అంటే దానికి 72 ఏళ్ళ ముందు అన్నమాట. జపాన్ డ్రామాలు చూసేవాళ్ళలో కొందరికి ఆమె తెలిసే ఉంటుంది, 2019లో ఎన్‌హెచ్‌కే వాళ్ళు తీసిన 'ఇదాతెన్' సిరీస్‌లో ఆమె పాత్ర ఉంది. మిగతావాళ్ళ కోసం ఇది.

1907 జనవరి 1న ఒకాయామా ప్రాంతంలో ఒక పల్లెటూళ్ళో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది. ఆ రోజుల్లో జపాన్‌లో ఆడపిల్లల చదువుకి సర్కారు పెట్టుకున్న లక్ష్యం సింపుల్: మంచి ఇల్లాలు, తెలివైన తల్లి తయారవ్వాలి. బడిలో డ్రిల్లు ఉండేది, కాస్త టెన్నిస్ ఆడినా ఫర్వాలేదు. అంతకు మించి చెమట పట్టేలా ఏం చేసినా ఊళ్ళో మాటలు మొదలు. మన దగ్గర ఈ టాపిక్ మీద పెద్ద వివరణ అక్కర్లేదనుకుంటా.

కినుయె మంచి పొడగరి. పెద్దయ్యేసరికి దాదాపు 170 సెంటీమీటర్లు ఉండేది. అప్పటి జపాన్‌లో మగవాళ్ళలో కూడా అంత ఎత్తు తక్కువే, ఇక ఆడపిల్ల అంటే వీధిలో ఆగి చూసేవాళ్ళు. ఒకాయామాలో బాలికల హైస్కూల్లో చేరాక టెన్నిస్‌లో పేరొచ్చింది. 1923లో అథ్లెటిక్స్ మీట్‌కి వెళ్ళి లాంగ్ జంప్‌లో 4.67 మీటర్లు దూకింది. దేశంలో అప్పటిదాకా ఏ అమ్మాయీ అంత దూరం దూకినట్టు లెక్కల్లో లేదు. అలా టెన్నిస్ రాకెట్ పక్కకి పోయింది.

1924లో టోక్యో వెళ్ళి తొకుయో నికైదో అనే టీచర్ నడిపే వ్యాయామ పాఠశాలలో చేరింది. ఈ నికైదో గారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆవిడ ఇంగ్లాండు వెళ్ళి ఫిజికల్ ట్రైనింగ్ చదువుకుని వచ్చి, ఆడపిల్లలకి వ్యాయామం నేర్పించే టీచర్లని తయారు చేయాలని సొంతంగా బడి పెట్టుకున్నారు. ఆ బడే ఇప్పుడు పెద్ద యూనివర్సిటీ. కినుయె అక్కడ ఉన్న ఏడాదిలోనే ట్రిపుల్ జంప్‌లో 10.33 మీటర్లు దూకింది. తర్వాత అదే ఈవెంట్‌లో 11.62 దాకా వెళ్ళింది. ఆ కాలానికి అది మామూలు దూరం కాదు.

చదువయ్యాక కొన్నాళ్ళు టీచర్‌గా పనిచేసి, 1926లో ఒసాకా మైనిచి అనే దినపత్రికలో విలేకరిగా చేరింది. అప్పుడు ప్రొఫెషనల్ అథ్లెట్ అనే కాన్సెప్టే లేదు. స్పాన్సర్లు లేరు, స్పోర్ట్స్ కోటా లేదు. ఆటలకి డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్‌కే పనికిరారు. కాబట్టి బతకడానికి ఉద్యోగం ఒకటి, దాని పైన ప్రాక్టీసు. పగలు ఆఫీసు, వార్తలు, ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలు. మిగిలిన టైములో ట్రాక్. ఈ షెడ్యూల్ గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు కాస్త బ్యాక్‌గ్రౌండ్. ఒలింపిక్స్‌ని మళ్ళీ మొదలుపెట్టిన కూబెర్తాన్ గారికి ఆడవాళ్ళు పోటీల్లో దిగడం అస్సలు ఇష్టం లేదు. టెన్నిస్, ఈత లాంటివాటిలో ఎలాగోలా చోటు దొరికినా, అథ్లెటిక్స్ మాత్రం మూసిన తలుపు. ఫ్రాన్స్‌లో ఆలిస్ మిల్యా అనే ఆవిడ అడిగి అడిగి విసిగిపోయి, మీరు పెట్టకపోతే మేమే పెట్టుకుంటాం అన్నట్టు 1921లో మహిళల సమాఖ్య ఒకటి పెట్టారు. 1922లో పారిస్‌లో మహిళల ఒలింపిక్స్ అనే పేరుతో పోటీలు జరిపారు కూడా. జనం వచ్చారు, రికార్డులు పడ్డాయి. అప్పుడు ఒలింపిక్ కమిటీ వాళ్ళకి చురుక్కుమంది. ఆటలు ఎందుకు పెట్టారని కాదు, మా పేరు ఎందుకు వాడారని! చివరికి రాజీ కుదిరింది: మిల్యా వాళ్ళు ఆ పేరు వదిలేయాలి, బదులుగా ఒలింపిక్స్‌లో మహిళల అథ్లెటిక్స్‌కి కొన్ని ఈవెంట్లు ఇస్తారు. దాంతో రెండో విడత పోటీలు మహిళల ప్రపంచ క్రీడలు అనే పేరుతో 1926 ఆగస్టులో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిగాయి.

ఆ పోటీలకి జపాన్ నుంచి, ఆ మాటకొస్తే మొత్తం ఆసియా నుంచి, వెళ్ళింది ఒక్కరే. కినుయె. వయసు 19. సైబీరియా మీదుగా రైల్లో రోజుల తరబడి ప్రయాణం. నా వయసే కాబట్టి ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాను: ఫోన్ లేదు, భాష రాదు, పక్కన కోచ్ లేడు, టీమ్‌మేట్ లేదు, దిగిన ఊళ్ళో మనలాంటి మొహం ఒక్కటి కూడా కనపడదు. మనం విజయవాడ నుంచి వైజాగ్ వెళ్తేనే ఇంట్లో లైవ్ లొకేషన్ పెట్టమంటారు.

అక్కడ ఆమె ఆరు ఈవెంట్లలో దిగింది. లాంగ్ జంప్‌లో 5.50 మీటర్లతో ప్రపంచ రికార్డు, గోల్డ్. రెండో స్థానంలో బ్రిటన్‌కి చెందిన మ్యూరియల్ గన్. నిలబడి దూకే లాంగ్ జంప్‌లో ఇంకో గోల్డ్. డిస్కస్‌లో రెండో స్థానం, 100 గజాల పరుగులో మూడో స్థానం, 60 మీటర్లలో ఐదు, 250 మీటర్లలో ఆరు. మూడు రోజుల్లో ఇదంతా. వ్యక్తిగతంగా అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆమెవే. మిల్యా గారు స్వయంగా ఆమెకి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. ఒక దేశం తరఫున వచ్చిన టీమంతా ఒక్క మనిషే అయినప్పుడు ఆరు ఈవెంట్లూ తనే చేయాలి మరి!

ఇంటికి తిరిగొచ్చాక పేరు వచ్చింది, దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. అంత పొడుగేంటి, ఆ కండలేంటి, అసలు ఆడపిల్లేనా అని గుసగుసలు. గుసగుసలు కూడా కాదు, పేపర్లలోనే వెటకారాలు. పెళ్ళెప్పుడు అనే ప్రశ్న సరేసరి. పొట్టి నిక్కరుతో కాళ్ళు కనపడేలా పరిగెత్తడం ఊరికి అప్రతిష్ఠ అనేవాళ్ళు వేరే. ఆమె దీనికి చూపిన జవాబు విచిత్రంగా ఉంటుంది. మానేయలేదు, గొడవా పడలేదు. తను పనిచేసే పత్రికలోనే రాసింది, ఊరూరూ తిరిగి స్కూళ్ళలో మాట్లాడింది, చిన్నపిల్లలకి ట్రైనింగ్ ఇచ్చింది. తనని చూసి ఇంకో పదిమంది ట్రాక్ ఎక్కితే తను వింతగా కనపడటం ఆగిపోతుందని లెక్క వేసుకుందేమో. ఇది నా ఊహే అనుకోండి. కానీ తర్వాత ఆమె చేసినవన్నీ ఈ లెక్కకి సరిపోతాయి.

1928 మే నెలలో ఒసాకాలో ఒకే మీట్‌లో లాంగ్ జంప్ 5.98 మీటర్లు దూకింది, 100 మీటర్లు 12.2 సెకన్లలో పరిగెత్తింది. ఆ 5.98ని ప్రపంచంలో ఇంకో మహిళ దాటడానికి 11 ఏళ్ళు పట్టింది. ఇంకో రెండు నెలల్లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్. మహిళల అథ్లెటిక్స్ మొట్టమొదటిసారి పెడుతున్న ఒలింపిక్స్. (మన హాకీ టీమ్ ధ్యాన్‌చంద్‌తో వెళ్ళి మొదటి గోల్డ్ కొట్టింది కూడా ఈ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే.) టైమింగ్ ఇంతకంటే బాగా కుదరదు కదా?

కుదరలేదు. మహిళలకి ఇచ్చింది మొత్తం ఐదే ఈవెంట్లు: 100 మీటర్లు, 800 మీటర్లు, 4×100 రిలే, హైజంప్, డిస్కస్. లాంగ్ జంప్ లేదు. ప్రపంచంలోనే అందరికంటే దూరం దూకే అమ్మాయికి దూకడానికి ఇసుక గుంట ఇవ్వలేదు! ఐదే ఇచ్చారన్న కోపంతో బ్రిటన్ మహిళలు ఆ పోటీల్ని బాయ్‌కాట్ చేశారు. కినుయెకి ఆ ఆప్షన్ లేదు. జపాన్ జట్టులో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. వెళ్ళకపోతే జపాన్ మహిళలు రాలేదన్నట్టే అవుతుంది. అందుకని 100 మీటర్ల మీద ఆశ పెట్టుకుంది.

జూలై 30. హీట్ దాటింది. సెమీఫైనల్లో నాలుగో స్థానం. ఫైనల్‌కి వెళ్ళలేదు. ఆ ఫైనల్‌ని అమెరికా అమ్మాయి బెట్టీ రాబిన్సన్ గెలిచిన టైము 12.2. మే నెలలో కినుయె ఒసాకాలో పరిగెత్తిన టైమే.

ఆ రాత్రి ఆమె ఎంత ఏడ్చిందో తనే తర్వాత రాసుకుంది. మగ అథ్లెట్లు ఓడిపోతే ఓడిపోయాం అనుకుని ఇంటికెళ్ళొచ్చు, తను ఓడిపోతే జపాన్ ఆడవాళ్ళకే చేతకాదంటారు అన్నది ఆమె భయం. అది ఉత్తుత్తి భయం కూడా కాదు, నిజంగా అనేవాళ్ళు. ఆడపిల్ల ఒక్కత్తి ఇంజినీరింగ్ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ చేయలేకపోతే ఏమంటారో, అబ్బాయి చేయలేకపోతే ఏమంటారో మనకి తెలీదా?

100 పోయింది, లాంగ్ జంప్ లేదు. మిగిలింది 800. పోటీల్లో ఆమె 800 పరిగెత్తిన మనిషి కాదు. స్ప్రింటర్‌కి 800 అంటే ఏంటో పరిగెత్తినవాళ్ళకి తెలుస్తుంది. 400 దాకా ఎలాగోలా ఊపిరి అందుతుంది, ఆ తర్వాత ఒంట్లో ఆక్సిజన్ అప్పు పెరిగిపోయి కాళ్ళు సీసం పోసినట్టు అయిపోతాయి. శ్వాస, పేస్, ఎప్పుడు కదలాలి అన్నవన్నీ నెలల తరబడి ప్రాక్టీసు చేస్తేనే వస్తాయి. ఆమె జట్టు పెద్దల దగ్గరికి వెళ్ళి 800లో పరిగెత్తనివ్వమని బతిమాలింది. మొదట వద్దన్నారు, చివరికి సరే అన్నారు. జట్టులో ట్రిపుల్ జంపర్ మికియో ఓదా ఆమెకి ఇచ్చిన సలహా ఒకటి జపాన్‌లో బాగా చెప్పుకుంటారు: కాళ్ళు ఆగిపోతే చేతులు ఊపు, చేతులు కదిలితే కాళ్ళు వాటంతట అవే వస్తాయి అని. కోచింగ్ మొత్తం అంతే!

ఆగస్టు 1న హీట్ దాటింది. ఆగస్టు 2న ఫైనల్, తొమ్మిదిమంది. వాళ్ళలో ముగ్గురు జర్మన్లు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె ఈ దూరంలో అప్పటికే ఆరితేరిన మనిషి. మొదటి ల్యాప్‌లో కినుయె వెనకపడింది. రెండో ల్యాప్‌లో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. చివరి వంద మీటర్లలో ముందున్నది రాడ్కె ఒక్కతే. ఆ టైముకి తన కళ్ళకి ఏమీ కనపడలేదని, లైన్ దాటిన సంగతి సరిగ్గా గుర్తే లేదని ఆమె తర్వాత రాసింది. రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లు, ప్రపంచ రికార్డు. కినుయె 2 నిమిషాల 17.6. మధ్యలో 0.8 సెకను. అంటే, జీవితంలో దాదాపు మొదటిసారి 800 పోటీలో దిగిన మనిషి ప్రపంచ రికార్డు వీరురాలి వెనకే వచ్చేసింది. మూడో స్థానం స్వీడన్‌కి చెందిన ఇంగా గెంట్‌జెల్‌ది. లైన్ దాటగానే కినుయె ట్రాక్ మీద కూలబడిపోయింది.

అదే రోజు అదే స్టేడియంలో ఓదా ట్రిపుల్ జంప్‌లో 15.21 మీటర్లు దూకి జపాన్‌కి మొట్టమొదటి ఒలింపిక్ గోల్డ్ తెచ్చాడు. అంటే జపాన్‌కి మొదటి గోల్డూ, జపాన్ మహిళలకి మొదటి మెడలూ ఒకే రోజు, సలహా ఇచ్చినవాడికీ తీసుకున్నామెకీ. సినిమా స్క్రిప్ట్‌లో రాస్తే నమ్మరు.

ఇక్కడితో కథ ఆపేస్తే హ్యాపీ ఎండింగ్ అయ్యేది. కానీ మర్నాడు పేపర్లొచ్చాయి. రేసు అయ్యాక అమ్మాయిలు కింద పడిపోయారు కదా, దాన్ని పట్టుకుని యూరప్, అమెరికా పత్రికలు రెచ్చిపోయాయి. చూడలేని దృశ్యమని, ఆడవాళ్ళ శరీరానికి ఇంత దూరం సరిపడదని, సగంమంది రేసు కూడా పూర్తి చేయలేదని రకరకాలుగా రాశారు. నిజానికి ఫైనల్లో దిగిన తొమ్మిదిమందీ లైన్ దాటారు. 800 అయ్యాక మగవాళ్ళు గడ్డి మీద పడి రొప్పితే దాన్ని వీరత్వం అంటారు. ఇక్కడ కూడా జరిగింది అంతే, పడినవాళ్ళు వేరు. అయినా ఆ రాతలే గెలిచాయి. తర్వాతి ఒలింపిక్స్ నుంచి మహిళల 800 మీటర్లు తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960 రోమ్‌లో. 32 ఏళ్ళు! ప్రాణం పెట్టి రెండో స్థానం తెచ్చుకున్న కినుయె కూలబడటం కూడా ఆ తీసేయడానికి ఒక కారణంగా చూపించారంటే, నాకైతే ఈ మొత్తం కథలో అన్నింటికంటే మండిపోయే పాయింట్ ఇదే.

జపాన్‌లో మాత్రం స్వాగతాలు, సన్మానాలు. 1929లో 200 మీటర్లు 24.7 సెకన్లలో పరిగెత్తి ఇంకో ప్రపంచ రికార్డు. అదే ఏడాది తన అనుభవాలతో పుస్తకం వచ్చింది, దాని పేరుకి అర్థం స్పైకుల గుర్తులు అని. విలేకరి కదా, రాయడం ఆమెకి రెండో ఆట. ఆమె మనసులో ఏముందో మనకి ఇంత వివరంగా తెలియడానికి కారణం కూడా ఆమె రాసుకోవడమే.

ఇక ప్రాగ్. మూడో మహిళల ప్రపంచ క్రీడలు 1930 సెప్టెంబరులో అక్కడ పెట్టారు. ఈసారి ఒంటరిగా వెళ్ళనని కినుయె ముందే అనుకుంది. టీమ్ తీసుకెళ్ళాలి. ఐదుగురు కుర్ర అథ్లెట్లని ఎంచుకుంది. కానీ డబ్బెవరిస్తారు? అది ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం మొదలైన కాలం. ఆడపిల్లల్ని యూరప్ పంపడానికి ఖర్చుపెట్టేవాళ్ళు లేరు. అందుకని ఆమే చందాలకి దిగింది. ఊరూరూ తిరిగి ఉపన్యాసాలిచ్చింది, బాలికల స్కూళ్ళలో విద్యార్థినుల దగ్గర చిల్లర చిల్లరగా పోగేసింది. అటు ఉద్యోగం, ఇటు చందాలు, మధ్యలో తన ప్రాక్టీసు, దానిపైన ఆ ఐదుగురికీ కోచింగ్. టీమ్ కెప్టెన్, కోచ్, మేనేజర్, స్టార్ అథ్లెట్, ఫండ్ రైజర్... అన్నీ తనే. కాలేజీ ఫెస్ట్‌కి స్పాన్సర్‌షిప్ కోసం తిరిగినవాళ్ళకి ఇందులో పదో వంతు అర్థమవుతుంది.

ప్రాగ్‌లో సెప్టెంబరు 6 నుంచి 8 దాకా పోటీలు. లాంగ్ జంప్‌లో 5.90 మీటర్లతో మళ్ళీ గోల్డ్. మూడు ఈవెంట్లు కలిపిన ట్రయథ్లాన్‌లో రెండో స్థానం. 60 మీటర్లలో మూడు, జావెలిన్‌లో మూడు. ఏ రకంగా చూసినా అద్భుతం. కానీ పని అక్కడితో అయిపోలేదు. ఇంత దూరం వచ్చారు కదా అని యూరప్‌లో వరసగా మీట్‌లు ఏర్పాటయ్యాయి. వార్సా, బెర్లిన్, బ్రస్సెల్స్, పారిస్. రైలు దిగడం, పోటీ, మళ్ళీ రైలు ఎక్కడం. టీమ్ చిన్నది కాబట్టి ప్రతి చోటా కినుయె ఒక్కతే నాలుగైదు ఈవెంట్లు చేయాల్సి వచ్చేది. ఒంట్లో బాగాలేని రోజుల్లో కూడా ఆగలేదు. ఆగితే పాయింట్లు ఎవరు తెస్తారు? తనతో వచ్చిన పిల్లలకి ఇదే మొదటి విదేశీ అనుభవం.

తిరుగు ప్రయాణం ఓడ మీద. ఆ ఓడలో ఉండగానే స్వదేశం నుంచి ఉత్తరాలు, పేపర్ కటింగులు చేరాయి. వాటిలో అభినందనలకంటే సణుగుళ్ళే ఎక్కువ. ఇంత చందా తీసుకుని వెళ్ళి తెచ్చింది ఇంతేనా, టీమ్ ఏం సాధించింది అని. ఆ కుర్ర అథ్లెట్లు ఏడ్చారు. కినుయెకి తన మీద మాటలు కొత్త కాదు, కానీ తన వెంట వచ్చినవాళ్ళని అంటే తట్టుకోలేకపోయింది. ఒక గోల్డ్, ఒక సిల్వర్, రెండు బ్రాంజ్‌లు తెచ్చిన మనిషిని డబ్బుకి లెక్క చెప్పమన్నట్టు ఉంది వ్యవహారం. ఆ రోజుల్లో ట్విట్టర్ లేదు గానీ మనుషులు వాళ్ళే.

నవంబరులో జపాన్ చేరింది. అప్పటికే బాగా నీరసించిపోయింది. రెస్ట్ తీసుకోవాలి. తీసుకోలేదు. చందాలిచ్చిన స్కూళ్ళకి మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పడం మొదలుపెట్టింది. పత్రికలో పని వెంటనే మొదలైంది. ఇంకో పుస్తకం రాస్తూ ఉంది. అభిమానం వల్ల కొందరు, అవసరం వల్ల కొందరు, అందరూ పిలిచారు. వద్దనడం ఆమెకి రాదు. ఎవరైనా గట్టిగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఉంటే ఎలా ఉండేదో! యజమానులకి ఆమె పేరు కావాలి, సమాఖ్యకి ఆమె మెడల్స్ కావాలి, స్కూళ్ళకి ఆమె ఉపన్యాసం కావాలి. ఆమె జ్వరం మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

1931 మార్చి 25న ఒసాకాలో ఆసుపత్రిలో చేర్చారు. ముందు ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాచిపోవడం. తర్వాత అది న్యుమోనియా దాకా వెళ్ళింది. పెన్సిలిన్ లాంటి మందులు ఇంకా రాని కాలం అది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరితే డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. నాలుగు నెలలకి పైగా మంచం మీదే ఉంది. 1931 ఆగస్టు 2న చనిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 800 ఫైనల్ పరిగెత్తిన రోజుకి సరిగ్గా మూడేళ్ళు. వయసు 24.

యూరప్‌లో కూడా ఆ వార్తకి బాధపడినవాళ్ళు ఉన్నారు. ప్రాగ్‌లో ఓల్షని శ్మశానవాటికలో ఆమె జ్ఞాపకార్థం ఒక ఫలకం ఉంది. ఆ ఊళ్ళో ఆమె ఉన్నది కొద్ది రోజులే.

కొన్ని తేదీలు చెప్పి ముగిస్తాను. మిల్యా గారి ప్రపంచ క్రీడలు 1934లో లండన్‌లో చివరిసారి జరిగాయి. ఆ తర్వాత అవి లేవు. మహిళల లాంగ్ జంప్‌ని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది 1948లో, లండన్‌లో. ఆ గోల్డ్ గెలిచిన హంగరీ అథ్లెట్ ఓల్గా గ్యార్మతి దూకింది 5.695 మీటర్లు. ఇరవై ఏళ్ళ ముందు ఒసాకాలో కినుయె దూకింది 5.98. ఇసుక, గాలి, ట్రాక్ అన్నీ వేరు కాబట్టి ఇలా పోల్చడం కరెక్ట్ కాదని స్పోర్ట్స్ తెలిసినవాళ్ళు అంటారు, ఒప్పుకుంటా. అయినా ఆ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను.

ఆమె తర్వాత ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో ఇంకో జపాన్ మహిళకి మెడల్ రావడానికి 64 ఏళ్ళు పట్టింది. 1992 బార్సిలోనా మారథాన్‌లో యుకో అరిమోరి సిల్వర్ గెలిచింది. 800 మీటర్లే ఆడవాళ్ళకి ఎక్కువన్న ఒలింపిక్స్‌లో 42 కిలోమీటర్లు. అరిమోరిది కూడా ఒకాయామానే. ఆ రేసు జరిగింది బార్సిలోనాలో ఆగస్టు 1 సాయంత్రం. ఆమె స్టేడియంలోకి వచ్చి లైన్ దాటేసరికి జపాన్‌లో తెల్లవారుజాము, తేదీ ఆగస్టు 2.